పగులు పూడిన రాయి

ప్రసన్నకుమారి రాజమండ్రిలోని ఒక కాలేజీ ల్యాబులో ఇరవై ఆరేళ్ళుగా అసిస్టెంటు. ఆ ఎండాకాలం ఆమెకు ఒకటే పని. అన్నవరం వైపు క్వారీ నుంచి తెచ్చిన రాతిముక్కను స్టీలు గొట్టంలో బిగించి, మూడొందల డిగ్రీల వేడిలో ఉంచారు. దానిలోని సన్నటి పగులు గుండా పంపు తోసే నీళ్ళు గంటకు ఎన్ని బయటికొస్తున్నాయో ఆమె కొలిచి రాయాలి.

పరిశోధన పీహెచ్‌డీ చేస్తున్న అశ్వినిది. "వేడికి పగులు విచ్చుకుంటుందండి. నీళ్ళు రోజురోజుకీ పెరుగుతాయి చూడండి," అంది మొదటిరోజే.

పెరగలేదు. నలభై మిల్లీలీటర్లతో మొదలై వారానికి ఇరవై అయ్యాయి, మూడోవారానికి ఆరు. ప్రసన్నకుమారి కాళ్ళు వాచాయి. చీర వీపుకి అంటుకుపోయేది. కళ్ళు మూసినా కొలపాత్ర మీది గీతలే కనిపించేవి.

"ప్రసన్నగారూ, మీరు కునుకు తీసినప్పుడు వాల్వు గానీ కదిలిందేమో?" అంది అశ్విని ఒకరోజు, కాగితాల మీంచి తలెత్తకుండానే.

"కునుకా? కూర్చోడానికే తీరలేదండి నాకు." ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు.

మళ్ళీ మొదటినుంచీ పెట్టారు. కొత్త రాయి, కొత్త పంపు. ఈసారి అశ్విని కూడా వంతులవారీగా కూర్చుంది. పదోరోజుకే ఆ పిల్ల మొహం పీక్కుపోయింది. ఆమె వంతులోనూ నీళ్ళు తగ్గుతూనే వచ్చాయి.

చివరికి అశ్విని రాతిని పలచగా కోయించి, మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది.

"ఇలా రండి, చూడండి."

పగులు పొడవునా అక్కడక్కడా తెల్లగా పూడిపోయి ఉంది.

"వేడినీళ్ళు ఒకచోట రాతిని కరిగించి, ఇంకోచోట పేర్చాయండి. దారి మూసుకుపోయింది. తప్పు నా లెక్కలో ఉంది, మీ కొలతలో కాదు. ఆరోజు అలా అనకుండా ఉండాల్సింది. క్షమించండి."

ప్రసన్నకుమారికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. "పోనీలెండి," అంది.

"ఇంకో రాయి నూటయాభై డిగ్రీల్లో పెట్టి చూడాలండి. రేపే మొదలుపెడదామా?"

"సోమవారం పెడదామండి. రేపు చర్చికి కూడా వెళ్ళను, పడుకుంటాను."

అన్నట్టే పడుకుంది. భర్త డేనియల్ ఆరాధన ముగించుకుని వచ్చేసరికి కూడా లేవలేదు. ఆయన ఫ్యాను కొంచెం పెంచి, తలుపు దగ్గరగా వేసి, అన్నం తనే వండాడు.