గాలిమర నీడ

నవంబరు వచ్చిందంటే పొద్దున తొమ్మిదింటికి మా గాలిమర నీడ ఇంట్లోకి వస్తుంది. రెక్క తిరిగినకొద్దీ గోడ మీద వెలుగు, చీకటి, మళ్లీ వెలుగు, మళ్లీ చీకటి. మబ్బు పట్టిన రోజే నాకు పండగ.

మాది అన్నాను గానీ, అది ఊళ్లో తొంభై కుటుంబాలది. కరెంటు కోసం వాటాలు వేసుకుని సంఘం పెట్టి కట్టుకున్నాం. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక్కటే ఓటు. తన గుట్టను ఇచ్చి, జూన్ నెలలో మర ఎక్కడ నిలపాలో గుర్తు మేకులు పాతింది నా మొగుడు ఐనార్. అప్పుడు సూర్యుడు నెత్తి మీదుంటాడు, నీడ ఇంటి దరిదాపులకు రాలేదు. మా ఉత్తరపు దేశంలో చలికాలం సూర్యుడు పొలాలను రాసుకుంటూ పోతాడని అంతమంది రైతుల్లో ఒక్కరికీ తట్టలేదు. ఆ చోటుకు ఓటేసి చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఈ వసంతంలో ఐనార్‌కు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, ఎడమచెయ్యి ఒక్కటే ఆడుతుంది. ఆసుపత్రివాళ్లిచ్చిన పెద్ద మంచం పట్టే గది ఒక్కటే ఉంది, అది గుట్టవైపు గది. నీడ అతని ముఖం మీద కొట్టుకుంటుంటే నాకు పిచ్చెక్కేది. తెర దించితే తెర మీద ఆడేది. ఎవరి మీద ఫిర్యాదు చెయ్యను? ఆ ఎవరిలో నేనూ ఒకదాన్ని.

సంఘం అధ్యక్షుడు వెర్నర్‌ను రొట్టెల కొట్లో పట్టుకున్నాను.

"పొద్దున ముప్పావుగంట దాన్ని ఆపకూడదా?"

"తాళం నా దగ్గరుంది గానీ మర నాది కాదుగా, బోదిల్. సభలో అడుగు."

"పెళ్లాన్ని అడక్కుండా చొక్కా కూడా మార్చుకోవు. నిన్నడగడం నాదే తప్పు."

"మార్చుకుంటే ఊరుకుంటుందా మరి?" అని నవ్వాడు.

సభలో కాఫీ, కేకు, పాట అయ్యాక లేచాను. "నాకోసం కాదు. ఐనార్ తట్టుకోలేకపోతున్నాడు" అన్నాను. హాల్లో ఎత్తని చెయ్యి లేదు. ముసలి తూరా వచ్చి నన్ను పట్టుకుని, "ఇన్నాళ్లూ చెప్పకుండా ఎలా ఉన్నావే?" అంది.

మర్నాడు ఎండ బాగా కాసింది. తొమ్మిదింటికి రెక్కలు ఆగాయి. గోడ గోడలా ఉంది. వారాల తర్వాత హాయిగా ఊపిరి తీసుకున్నాను.

అంతలో మంచం చెక్క మీద దబదబా చప్పుడు. ఐనార్ ఎడమచేత్తో బాదుతున్నాడు. చూపు కిటికీ మీదే, కళ్లనిండా నీళ్లు. నన్ను చూసి, వేలెత్తి గాల్లో సున్నా చుట్టాడు. మళ్లీ చుట్టాడు.

"తిరగాలా?"

అవునంటే కళ్లు మూస్తాడు. మూశాడు.

తట్టుకోలేకపోతున్నావా అని అతన్ని ఒక్కసారీ అడగలేదు నేను. ఊరందరి చేతులూ అతని పేరు చెప్పి ఎత్తించుకున్నాను.

ఫోన్ చేశాను. "వెర్నర్, తిప్పెయ్."

"ఏమైంది? ఐనార్‌కి పడట్లేదన్నావుగా?"

"పడనిది నాకు." చెప్పాక సిగ్గేసింది.

"నీకోసమని అడిగినా చెయ్యెత్తేవాళ్లం కదా, పిచ్చిదానా. ఆపే ఉంచనా?"

గుమ్మంలోంచి చూశాను. ఆ వేలు ఇంకా తిరుగుతూనే ఉంది.

"వద్దు" అన్నాను.

వచ్చి అతని పక్కన కుర్చీలో కూర్చున్నాను. నీడ దుప్పటి మీదికి పాకి, నా చేతుల మీద కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఐనార్ సగం నోటితో నవ్వాడు. జనవరి చివరిదాకా ఇంతే.