బస్సులో దంచిన పసుపు

ఐరాల నుంచి తిరుపతి దాకా ఎవరు ఏ పాట ఎత్తుకున్నా దాని కొస నా నాలుక మీద ఉంటుంది. కాణిపాకంలో బస్సెక్కగానే ఈ మాట గట్టిగా అన్నాను. పక్క సీటులో చంద్రకాంతమ్మ అనే అవ్వ చటుక్కున నా వైపు తిరిగింది.

"అట్లయితే పసుపు దంచే పాట కొస సెప్పన్నా. ఈ పొద్దు తిరుచానూరులో మా మనవరాలి పెండ్లికి పసుపు దంచేది. మా ఇంట్లో పాట అయిపోయేదాకా రోకలి ఆపకూడదు. మా అత్త నేర్పిన పాట, కొస మతికి రాలేదు. కొస లేకుంటే రోకలి యాడ ఆపేది?"

నాకు తెలిసింది ఒకటే పాట. అది పాడితే మా ఎద్దులు సాలు మధ్యలోనే ఇంటిదారి పట్టాయి.

"ఉత్త కోతలమ్మా," అన్నాను.

"నీది నోరా, కోతల మిషనా?" అని ఆమె గుర్తున్నంత మేరకు ఆ పాటే కూనిరాగం తీసింది. పిడికిళ్లు రోకలి పట్టినట్టు ఒడిలో పైకీ కిందికీ ఆడుతున్నాయి.

"ఒట్టి సేతులతో దంచితే పాటెట్ల వస్తాది? ఇదో రోకలి!" అని నా చేతికర్ర ఇచ్చాను.

ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని బస్సు నేల మీద దణ్ణుమని పోటు వేసింది.

"మొదటి పోటెవరికే? మొలకెత్తే చేనుకే..."

బస్సు ఆగింది. "ఎవురు దిగేది?" అన్నాడు కండక్టరు ధనశేఖర్. ఎవరూ దిగలేదు. బస్సు కదిలింది. దణ్!

"నడిమి పోటెవరికే? నట్టింటి దీపానికే..."

మళ్లీ ఆగింది.

"అవ్వా, నువ్వు దంచితే డ్రైవరన్న స్టాపనుకుంటాండాడు!" అన్నాడు ధనశేఖర్. సంగతి చెప్పాను. అతను ముందుకు తిరిగి అరిచాడు: "అన్నా, తట్టినా ఆపొద్దు! లోపల పెండ్లి జరగతా ఉండాది!"

ఇక కర్ర ఆగలేదు. చంద్రగిరి దాటుతుండగా ఆమె కళ్లు మెరిశాయి.

"కడపటి పోటెవరికే? కట్టుకున్నోడికే! మాట వినకుంటేనూ!"

బస్సంతా గొల్లుమంది. చంద్రకాంతమ్మ మాత్రం నవ్వలేదు. పాట జారిపోతుందేమోనని మొదటినుంచీ మళ్లీ ఎత్తుకుంది. తిరుపతిలో దిగి, పోట్లు వేసుకుంటూనే తిరుచానూరు బస్సెక్కింది, నా కర్రతో సహా.

పాట నిజం. కర్ర పోవడం నిజం. ఇప్పుడు వాకిలి చీపురు ఊతంగా నడుస్తున్నాను. బస్సు ఆగడం మాత్రం నా అల్లిక. ఆ డ్రైవరు స్టాపులో చెయ్యెత్తినా ఆపే రకం కాదు.