కనబడని బటన్

తుంటి ఎముక విరిగిన మనిషి కింద దుప్పటి మార్చడం ఒక విద్య. ఇటు ఒత్తిగిలించి సగం లాగాలి, అటు తిప్పి మిగతా సగం లాగాలి. నేను అత్తయ్యను అటు తిప్పుతుండగా మా ఆయన గుమ్మంలో నిలబడి వాచీ పెట్టుకుంటూ అన్నారు, "ఇవాళ ఆఫీసులో చెప్పెయ్, ఇక రాలేనని."

"నన్ను అడగరా?" అన్నాను.

"అడగడానికేముంది? ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. నీది ఎలాగూ లైటు తగ్గించే పనేగా."

అంత నొప్పిలోనూ అత్తయ్యకు నవ్వొచ్చింది. "స్విచ్ నొక్కితే ఆరిపోయేదానికి అంత చదువెందుకే అమ్మాయ్" అంది. నేనూ నవ్వాను. ఇన్నేళ్లుగా ఆ నవ్వు నవ్వీ నవ్వీ నా ముఖానికి అలవాటైపోయింది.

నిజానికి నా పని అదే. ఆసుపత్రిలో మంచం పక్కన గుండె కొట్టుకునే తీరు చూపించే తెర ఉంటుంది. రోగి నిద్రపోతే దాని వెలుగు మెల్లగా తగ్గాలి, ఆ తగ్గడం ఎవరికీ తెలియకూడదు. వెలుగును సమానంగా తగ్గించుకుంటూ పోతే కన్ను ఒప్పుకోదు. మొదట ఏమీ మారనట్టే ఉంటుంది, చివర్లో ఒక్కసారిగా చీకటి పడుతుంది. అందుకే మొదట్లో ఎక్కువెక్కువగా, చీకటి దగ్గరపడే కొద్దీ కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఆ లెక్క కుదిరేలా ప్రోగ్రాం రాయడానికి నాకు నెలలు పట్టింది. నా విషయంలో మాత్రం ఎవరో ఆ లెక్క ఎంత బాగా కుదిర్చారో. ముందు స్నేహితురాళ్లు పోయారు, తర్వాత బొమ్మలు వేయడం పోయింది, ఆ తర్వాత మధ్యాహ్నం కునుకు, చివరికి భోజనాల దగ్గర నా మాట. ఏది ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. ఇప్పుడు మిగిలింది ఈ ఉద్యోగం ఒక్కటే. అదీ పోతే నేనంటూ ఉన్నానని నాకెవరు చెబుతారు? ఇవాళ్టికి అత్తయ్యను పక్కింటావిడకు అప్పగించి బస్సెక్కి, కిటికీకి తల ఆనించుకుని ఏడ్చాను. పక్క సీట్లో ఆవిడ కాస్త జరిగి కూర్చుంది.

ఆఫీసులో టీమ్ లీడర్ పుట్టినరోజు. "మీ పని భలే కుదిరిందమ్మా, వెలుగు తగ్గినట్టు ఎవరికీ తెలియనే లేదు" అని, అదే నోటితో "ఆ కేకు కాస్త ముక్కలు కోసి అందరికీ ఇవ్వండి" అన్నాడు. ఆ గదిలో చేతులున్నది నాకొక్కదానికే కాబోలు. కోశాను, పంచాను. చివరి ముక్క టీమ్ లీడర్‌కిస్తూ రాలేనన్న మాట చెప్పేద్దామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో మా ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. "అక్కా, ఇది చూడండి." తెర నల్లగా ఉంది. ఆ నలుపు మీద ఒక మూల వేలు పెట్టింది. గణగణ మోగుతున్న అలారం ఠక్కున ఆగిపోయింది. "అలారం ఆపే బటన్ కనబడదు. నొక్కితే మాత్రం పని చేస్తోంది. నిద్రలో రోగి చెయ్యి తగిలినా చాలు."

తప్పు నాదే. వెలుగు సున్నా చేశాను, బటన్‌కి పని ఆపమని చెప్పడం మరిచాను. ఇలాంటి తప్పు నేను కాక ఇంకెవరు చేస్తారు? కనబడకపోయినా ఎవరు నొక్కితే వాళ్లకి పని చేసిపెట్టడం లోకధర్మమనే కదా నా చేతులు నేర్చుకున్నాయి. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ పిల్ల కంగారుపడి కుర్చీ జరిపింది.

"దీన్ని ఎలా సరిచేస్తారక్కా?" అంది.

"మొదటిసారి తాకితే తెర వెలగాలి, అంతే. ముందు బటన్ కనబడాలి. ఆ తర్వాతే అది పని చేయాలి."

చెప్పాక నా మాట నేనే మళ్లీ విన్నాను. దాన్ని రాయడానికి పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. టీమ్ లీడర్‌కి చెప్పాల్సిన మాట చెప్పకుండానే ఇంటికొచ్చాను.

సాయంత్రం ఆయన వచ్చేసరికి హాల్లో, తలుపుకి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆయన ఫోనులో తల పెట్టుకుని నన్ను దాటి సోఫాలో కూలబడి, వంటింటి వైపు కేకేశారు, "ఇదిగో, మంచినీళ్లు." నేను కదల్లేదు. ఇంకోసారి పిలిచారు. విసుగ్గా లేచి వంటింట్లోకి వెళ్లారు, అక్కడ ఎవరూ లేకపోతే తిరిగొచ్చి నన్ను చూశారు.

"ఇక్కడే ఉన్నావా? పలకవేం? ఆఫీసులో చెప్పావా?"

"లేదు. మానను."

మాట బయటికి వచ్చేసింది. ఆయన ఏదో అనబోయారు. అప్పుడే లోపల్నుంచి అత్తయ్య పిలుపు వినబడింది, "అమ్మాయ్, దుప్పటి తడిసిందే, ఒకసారి రా."

ఆయన నా వైపు చూశారు. నేను లేస్తానని చూస్తూనే ఉన్నారు.

"మీ అమ్మగారు పిలుస్తున్నారు" అన్నాను.