ఎనిమిది పొరల పువ్వు

కాగితాలు అతికే లై ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తే కాగితాన్ని పురుగు కొట్టదు. చంద్రపూర్ హాస్టల్లో భూదేవి నేర్చుకున్న విద్య అది. మైదా గంజి చిక్కబడి లేత నీలంగా మెరుస్తుంటే ఆమెకు ఊరికే నవ్వొచ్చింది. పెళ్లై మూడు నెలలు. అత్తగారింట్లో అడుగు పెట్టిన రోజు నుంచీ నడింట్లో నిలబడి ఉన్న పాత అల్మారా, రంగు పెచ్చులు లేచి, మూలలు ఎలుకలు కొరికి, చూసినప్పుడల్లా ఏడుపుముఖం పెట్టేది. ఇప్పుడు దాని తలుపుల నిండా పతంగి కాగితం గులాబీలు. అరల అంచులకు పాత పేపర్లతో కత్తిరించిన జాలరు. అద్దం చుట్టూ అగరుబత్తి డబ్బాల బంగారు కాగితం.

"మా ఇంటామె చేతులు ఊకుండయి" అని భర్త కిష్టన్న కలప డిపోలో అందరికీ చెప్పుకున్నాడట. ఆ మాట ఆమెకు బెల్లం ముక్కలా ఉండింది. నిజమే, ఊరుకోవు. తెల్లారక ముందే వాకిలి, బోళ్లు, బావి నీళ్లు, ఆయన దోస్తులు వచ్చినప్పుడల్లా ఛాయ్. అవన్నీ అయ్యాకే కత్తెర. ఆ పనులనెవరూ చేతుల లెక్కలో వెయ్యరు, పువ్వులనే వేస్తారు. గడ్చిరోలి కలెక్టర్ కచేరీలో గుమాస్తా ఉద్యోగానికి పెళ్లైన వారానికే ఆమె దరఖాస్తు రాసింది. పోస్టులో వేసింది ఆయనే. ఉత్తరం వచ్చిందా అని అడిగితే ఒకటే జవాబు. "సర్కారు పని, జర ఓపిక పట్టు. నేను లేనా? నీకెందుకు పరేషాన్?"

తలుపు నడుమ పెద్ద పువ్వొకటి మిగిలింది. అత్త మల్లక్క నీళ్ల పొయ్యి దగ్గరి నుంచి మడత పెట్టిన కాగితం తెచ్చిచ్చింది.

"ఇగో పిల్లా, మందంగ ఉన్నది. పొద్దుగాల మీ ఆయన పొయ్యిల వెయ్యమన్నడు. గింత మంచి కాగితం కాలవెడ్తరా ఎవరన్న? నీ పూలకు పనికొస్తదని దాసిన."

నాలుగు పొరలుగా మడిచి ఉంది, పైకంతా తెలుపే. భూదేవి మరో మడత వేసి ఎనిమిది పొరలు చేసి, రేకులు, రేకుల మధ్య జాలీ చకచకా కత్తిరించింది. ముక్కలు ఒళ్లోంచి నేలంతా రాలాయి. పువ్వు విప్పింది.

లోపలి వైపు మరాఠీ టైపు అక్షరాలు. చిల్లుల మధ్య 'సౌ. భూదేవి' అని తన పేరు. ఇంటర్వ్యూ. ఇరవై రెండో తేదీ, గురువారం ఉదయం పదకొండు గంటలకు. ఈ పత్రం వెంట తేవలెను. పైన మూడు వారాల కిందటి తేదీ.

ఈ రోజు ఇరవై ఒకటి, బుధవారం.

ఆమెకు కోపం వెంటనే రాలేదు. ఈ మూడు వారాల్లో తను ఉత్తరం సంగతి ఎన్నిసార్లు అడిగిందో గుర్తు చేసుకుంది. అడిగిన ప్రతిసారీ మర్నాడు ఆయన దుకాణం నుంచి రంగు కాగితం తెచ్చాడు. మొదటిసారి గులాబీ. తర్వాత చిలకాకుపచ్చ. నిన్న పసుపు. తెచ్చిన ప్రతిసారీ తను గంతులేసింది. తలుపు మీది గులాబీలను ఒక్కొక్కటిగా చూసింది. ఏది ఏ రోజు అడిగితే వచ్చిందో చెప్పగలదు.

తర్వాత నేల మీద కూర్చుని, రంగు పేలికల్లోంచి తెల్ల ముక్కలు ఏరి, ఇంకో కాగితం మీద పువ్వును పరిచి, ఏ చిల్లు ముక్కను ఆ చిల్లులోనే అతకసాగింది.

"కత్తిరిచ్చినదాన్ని మళ్ల అతుకుతున్నవేందే?"

అది ఏ కాగితమో భూదేవి చెప్పింది, తల ఎత్తకుండా. మల్లక్క వెళ్లి పొయ్యి ముందు కూర్చుంది. కాసేపటికి అక్కడి నుంచే చేయి చాచింది.

"ఇగో, ఇది నా కాలికంటింది. చూడు, నీదేనేమో."

తేదీలోని అంకె అది.

పొద్దు గూకే వేళకు కిష్టన్న డిపోలో తన తోటి గుమాస్తా సోమును వెంటబెట్టుకొచ్చాడు, అల్మారా చూపించడానికి.

"అల్మారనా ఇది? పెండ్లిపందిరి లెక్కున్నది," అని నవ్వుతూ దగ్గరికెళ్లిన సోము, అద్దానికి ఆరేసిన అతుకుల ఉత్తరం ముందు ఆగాడు. చదివాడు. "వదినా, ఇది రేపే గద. గడ్చిరోలి తొవ్వల బామ్ని ఊరు దాటినంక వాగున్నది, వానకు అది పొంగక ముందే పోవాలె. కిష్టన్నా, ఒక్క మాట సుత చెప్పకపోతివి?"

కిష్టన్న అద్దం వంక చూశాడు. పొయ్యి వంక చూశాడు. తల్లి వంక చూడలేకపోయాడు.

"కూసో సోమూ," అన్నాడు చివరికి. "భూదీ, ఛాయ్ పెట్టు."

భూదేవి రెండు చేతులూ ఎత్తి చూపింది. వేళ్ల మీద లై లేత నీలంగా ఎండి పొరలు లేస్తోంది.

"నా చేతులు ఊకలేవు. ఛాయ్ మీరు పెట్టుండ్రి. పొద్దుగాల అయిదు గంటల బస్సుకు నేను బట్టలు సదురుకోవాలె."

ఆయన కదల్లేదు. పొయ్యి ముందు కూర్చున్న మల్లక్క, పీట పక్కకు లాక్కుని, కొడుక్కి చోటిచ్చింది.