తువ్వాల కప్పిన కెమెరా

పొద్దున పెరటి తలుపు తీయగానే గోడ మీది కెమెరా రాంచందర్‌ను పలకరిస్తుంది. దాన్ని పలకరింపు అనుకోవడం అతని మంచితనం. హైదరాబాదులో కూతురి దగ్గరున్న భార్య సమ్మమ్మ గొంతు అది.

"ఏమయ్యా, గిన్నెల నిన్నటి నీళ్లే ఉన్నయ్. కోళ్లు తాగుతయా అవి? నువ్వు తాగుతవా?"

"మారుస్తాన. జర చెప్పులన్న ఏసుకోనియ్యి."

"చెప్పులేసుకోనీకి ఇంతసేపా? అవి ఎప్పట్నుంచి అరుస్తానయో నాకు ఇనబడ్తలేదా?"

తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. కానీ మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పేసరికి కూతురు స్రవంతి హన్మకొండ సుబేదారిలోని ఈ ఇంటికి రాలేకపోయింది. అందుకని తల్లే అక్కడికి పోయింది. పోయే ముందు ఒకటే షరతు పెట్టింది. "కోళ్లను నువ్వు చూడలేవు. కెమెరా పెట్టించు, నేనే చూసుకుంటా." చవక బేరమే అనుకున్నాడు రాంచందర్. హన్మకొండ చౌరస్తాలో అతనికి నల్లాలు, పైపులు అమ్మే దుకాణం ఉంది. మధ్యాహ్నం దుకాణం వదిలి కోళ్ల కోసం ఇంటికి పరుగెత్తే పని తప్పుతుందని లెక్క వేసుకున్నాడు. ఆ లెక్కలో ఒకటి మరిచిపోయాడు. కెమెరాకు మైకు, స్పీకరు కూడా ఉన్నాయి. ఇన్నాళ్లూ దుకాణంలో ఒకరికి చెప్పడమే గానీ ఒకరితో చెప్పించుకోవడం అలవాటు లేని మనిషికి ఇంటి వెనుక మేస్త్రీ తయారైంది. అతను దుకాణంలో కూర్చున్నా వదలదు. "పిల్లి గోడ మీదున్నది, పక్కింటి యాకమ్మకు ఫోన్ చేసి కొట్టమను" అంటుంది. పైపులు కొలిపించుకుంటున్న ప్లంబర్లు నవ్వుతారు. సాయంత్రానికి రాంచందర్‌కు అమ్మకం వల్ల కంటే ఈ కోళ్ల వల్లే ఎక్కువ అలసట.

అన్ని కోళ్లూ ఒక ఎత్తు, ఎర్ర పుంజు ఒక ఎత్తు. పోయినేడు రాంచందర్ గుండెకు స్టెంటు వేసిన వారమే అది గుడ్డులోంచి బయటికొచ్చింది. "నా పెనిమిటి నడిచి ఇంటికొస్తే దీన్ని మేడారంల నీకిస్తా తల్లీ" అని సమ్మమ్మ మొక్కుకుంది. అతను నడిచే ఇంటికొచ్చాడు. దాంతో పుంజు కాలికి పసుపు గుడ్డ పేలిక పడింది. ఇక దాన్ని అమ్మేది లేదు, కోసేది లేదు. అల్లుడు వచ్చిన రోజు కూడా వెనుక అది కూస్తూనే ఉంది, ముందు వాకిట్లోంచి బజారు కోడి మాంసం లోపలికొచ్చింది. రోజూ పొద్దున సమ్మమ్మ కెమెరాలోంచి "రాజా, దా దా దా" అని పిలుస్తుంది. పుంజు ఉరికొచ్చి కెమెరా కింద నిలబడి మెడ వంచి పైకి చూస్తుంది. రాంచందర్ అప్పుడు నూకలు చల్లుతూనో, నీళ్లు పోస్తూనో ఉంటాడు. అటు చూడడు.

మేడారం జాతర ఇంకో నెలన్నర ఉందనగా ఒక పొద్దున గూడు తలుపు తీస్తే కోళ్లన్నీ బయటికొచ్చాయి, పుంజు రాలేదు. వంగి చేయి పెట్టి చూశాడు. కట్టెలా తగిలింది. నిన్న సాయంత్రమే అది మెడ ముడుచుకుని తూగుతుంటే చలికి కాబోలు అనుకున్నాడు.

గూడు లోపలి భాగం కెమెరాకు కనబడదు. ఆమె ఇంకా పలకలేదు, కూతురికి స్నానం చేయిస్తున్నట్టుంది. రాంచందర్ గూడు ముందు అలాగే గొంతుక్కూర్చుని ఆలోచించాడు. కోడి పోయిందని చెబితే సమ్మమ్మ దాన్ని కోడి అనుకోదు. మొగని ప్రాణానికి కట్టిన మొక్కు మధ్యలోనే తెగిందనుకుంటుంది. తొలి బస్సు పట్టుకుని వచ్చి అతని మంచం పక్కనే కూర్చుంటుంది. అక్కడ మంచం దిగకూడని పిల్లకు మంచినీళ్లు ఇచ్చే దిక్కుండదు, అల్లుడికి షిఫ్టు డ్యూటీ. ఒక పుంజు వెల ఒకవైపు, బిడ్డ కాన్పు ఒకవైపు. ఇందులో తక్కెడతో పనే లేదు.

లేచి, భుజం మీది తువ్వాల తీసి కెమెరా మీద కప్పాడు.

జామచెట్టు మొదట్లో గుంత తవ్వాడు. పలుగు పట్టక చాలా రోజులైంది, మధ్యలో రెండు మూడు సార్లు ఆగాల్సి వచ్చింది. పుంజు కాలి పసుపు పేలిక విప్పి జేబులో పెట్టుకుని, దాన్ని పాత లుంగీ గుడ్డలో చుట్టి పూడ్చాడు. తరువాత స్కూటర్ మీద వరంగల్ వైపు కోళ్లమ్మే గట్టయ్య దగ్గరికి పోయాడు. ఫోనులో పుంజు ఫొటో పెట్టుకుని ఒక్కో బుట్ట ముందు కూర్చుని పోల్చి చూడసాగాడు.

"కోడిని కొంటానవా సేటూ, పెండ్లి సంబంధం చూస్తానవా?" అన్నాడు గట్టయ్య.

"రంగు కలవాలె. తోకల నల్ల ఈకలు ఉండాలె. జుట్టు ఇంతే ఉండాలె."

"అట్లైతే మొక్కుదే. మొక్కుదైతే బేరం చెయ్యొద్దు. చెప్పింది ఇచ్చి కండ్లకద్దుకుని పట్కపోవాలె."

"మొక్కింది నేను కాదు. నేను కొంటాన, అంతే."

"కొనేటోడివి నువ్వే గద, పుణ్యం నీకు రాదా?"

"పుణ్యం సంగతి తర్వాత. ముందు రేటు తగ్గియ్యి."

గట్టయ్య మొహం ముడుచుకున్నాడు గానీ తగ్గించాడు. రంగు, తోక, జుట్టు, బరువు అన్నీ సరిపోయాయి. ఒక కొలత నల్లా పాడైతే అదే కొలతది ఇంకొకటి బిగించినట్టే అనుకుని రాంచందర్ ఇల్లు చేరాడు.

పెరట్లో కూర్చుని పేలిక కడుతుండగా పుంజు చేయి జారింది. అది జామచెట్టెక్కింది. అక్కణ్ణుంచి గోడెక్కి, గోడ దిగి మెట్ల సందులో దూరింది. ఇతను ఒంగి పట్టబోతే కాళ్ల మధ్యలోంచి పోయింది. పెట్టలన్నీ ఒక్కసారిగా గోల పెట్టాయి. పక్కింటి యాకమ్మ గోడ మీద మోచేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందన్నా, ఈ వయసుల కబడ్డీ షురూ జేసినవ్?"

"ఊకో యాకమ్మా, మెల్లగ."

"మెల్లగెందుకు? ఇంటి పుంజు ఇంటాయన్ను గుర్తుపడ్తలేదా? రోజు తిండి పెట్టేది నువ్వే గద."

"దండం పెడ్త, మెల్లగ మాట్లాడు."

గూడు మూల దాన్ని రెండు చేతులా అదిమి పట్టి పేలిక కట్టి వదిలాడు. అప్పుడు తెలిసింది, ఊపిరి ఛాతీ దాకా కూడా దిగడం లేదని. బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు. ఎడమ భుజంలో ఎవరో మెల్లగా మర బిగిస్తున్నట్టుంది. యాకమ్మ నవ్వు ఆగిపోయింది.

"అన్నా, మొఖం గట్లయ్యింది ఏంది? ఉండు, నీళ్లు తెస్తా."

నీళ్లు తాగాడు. నోరు తెరిచి గాలి పీలుస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు. "దవాఖానకు పోదమా?" అని ఆమె అడిగితే తల అడ్డంగా ఊపాడు. నొప్పి తగ్గింది, తగ్గాక దాని గురించి ఆలోచించడం దండగ అనిపించింది. కెమెరా మీది తువ్వాల తీసి మొహం తుడుచుకుని దుకాణానికి పోయాడు.

గల్లాపెట్టె ముందు కూర్చోగానే సమ్మమ్మ ఫోన్ చేసింది.

"పొద్దున కెమెరాల అంత చీకటున్నదేంది?"

"దుమ్ము పట్టింది. గుడ్డ కప్పి తుడిచిన."

"అట్లనా."

అంతే, పెట్టేసింది.

ఆ రోజు మళ్లీ ఫోన్ రాలేదు. పిల్లి రాలేదు, కాకి రాలేదు, గిన్నె బోర్లపడలేదు. మొదట రాంచందర్‌కు ప్రాణం హాయిగా ఉంది. మధ్యాహ్నం దాటాక ఆ హాయి బరువెక్కింది. ఏళ్ల తరబడి వచ్చే గిరాకీ ఒకరోజు దుకాణం ముందు నుంచే పోతూ లోపలికి చూడకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. తప్పు సరుకులో ఉందా, మాటలో ఉందా అని కూర్చున్న చోటే వెతుక్కున్నాడు. రెండు సార్లు ఫోన్ తీశాడు, రెండు సార్లూ జేబులో పెట్టేశాడు. అబద్ధం నిలబెట్టడానికి ఇంకో అబద్ధం తయారుచేసే ఓపిక ఆ రోజు అతనికి లేదు.

సాయంత్రం కోళ్లను మూయడానికి పెరట్లోకి దిగాడు. కెమెరా చిన్నగా చప్పుడు చేస్తూ అతని వైపు తల తిప్పింది.

"కుక్కలు తోడకుంట మంచిగ పూడ్చినవా?" అంది సమ్మమ్మ.

రాంచందర్ చేతిలో నూకల గిన్నె అలాగే ఉండిపోయింది.

"ఏంది పూడ్చేది?"

"కండ్ల మీద గుడ్డ కప్పితే చెవులు మూసుకుపోతయా? గుంత తవ్వుడు ఇన్న. నువ్వు ఉరుకుడు ఇన్న. యాకమ్మ ఎక్కిరింపులన్ని ఇన్న. నువ్వు దుకాణానికి పోయినంక రాజా దా అని పిలిస్తే అది నా గొంతుకు బెదిరి గూట్ల దూరింది."

రంగు కలిపాడు, తోక కలిపాడు, బరువు కలిపాడు. గొంతు వింటే ఉరికొచ్చే గుణం ఒకటుందని అతనికి తట్టనే లేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వు ఫికర్ పడి ఉరికొస్తవని చేసిన," అన్నాడు. "స్రవంతిని అట్ల ఇడిసిపెట్టి."

"మధ్యాహ్నం సంచి సదిరిన. పిల్ల మొఖం చూసి మళ్ల ఇప్పిన. అది కోడికోసం అనుకుంటానవా? ఉరికినంక గాలి పీల్చినవ్ సూడు, ఆ ఊపిరి. పోయినేడు ఆటోల నా ఒళ్లె తల పెట్టినప్పుడు తీసిన ఊపిరే అది. ఈడ నుంచి ఏం జెయ్యాలె నేను? పిలుస్తే, నేను ఇంటానని తెలిసి లేచి మళ్ల ఉరుకుతవేమోనని నోరు మూసుకున్న."

రాంచందర్ నూకల గిన్నెను మెట్టు మీద దింపాడు.

"కెమెరా కోళ్లకని చెప్పిన గని, కోళ్లను నేనెప్పుడు సూసిన్నయ్యా? రెండు పూటల నువ్వా మెట్లు దిగుతవ్, ఎక్కుతవ్. అది సూడనీకి పెట్టించిన. అడిగితే మంచిగనే ఉన్న అంటవ్, నీ నోటితోని ఏం తెలుస్తది నాకు?"

"మరి మొక్కు?"

"తల్లితోని నేను మాట్లాడుకుంటా. ఆ కొత్తదాన్నే తీస్కపోదాం. బేరం చేసినవా దానికి?"

అతను కొత్త పుంజు వైపు చూశాడు.

"చేసే ఉంటవ్." ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఇను. రేపు పొద్దున దవాఖానకు పోవాలె. యాకమ్మ ఎంట వస్తది, చెప్పిన. దుకాణం తెరవద్దు. డాక్టరు ఏమంటడో యాకమ్మ నాకు ఫోన్ చేస్తది, నువ్వు కాదు. నువ్వు పోతే నేనిక్కడ పిల్ల దగ్గరుంటా. పోకుంటే తొలి బస్సుకు వస్తా."

రేపు ఒక కాంట్రాక్టరు పెద్ద సరుకుకు వస్తానన్నాడు. ఆ మాట రాంచందర్ నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పిన మొదటి ధరకు ఒప్పుకోవడం అతని రక్తంలో లేదు. కానీ అటువైపు ఆమె ఎంత అలసిపోయి ఉందో ఆ గొంతులో వినిపించింది. పొద్దుటి నుంచి అన్నం తిన్నదో లేదో అనుకున్నాడు.

"సరే," అన్నాడు.

కెమెరా కదలలేదు. ఇంకేదో అంటాడని ఆమె చూస్తున్నట్టుంది.

"ఏమన్న కలుపుతవా దానికి?"

"ఏం కలపను. పోతా."

"అన్నం తిన్నవా?"

"తింటా. నువ్వు?"

"తింటా."

పెట్టలన్నీ వాటంతట అవే గూట్లోకి పోయాయి. కొత్త పుంజు మాత్రం జామచెట్టు కింద, ఎటు పోవాలో తెలియక ఒంటికాలి మీద నిలబడింది. రాంచందర్ లేవబోయాడు.

"ఉరికియ్యకు," అంది కెమెరా. "కూసో. చీకటి పడుతుంటే అదే వస్తది."

అతను మళ్లీ కూర్చున్నాడు. ఆమె ఫోన్ పెట్టేయలేదు. స్పీకరులోంచి కూతురి ఇంట్లో కుక్కర్ విజిల్ వినిపించింది, తరువాత ఏమీ లేదు, ఆమె ఊపిరి తప్ప. పుంజు రెండడుగులు గూటి వైపు వేసి ఆగింది. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉన్నారు.