నచ్చని కోటు

మా హెస్సెల్ రోడ్డుకి ఉద్యోగాలు తెస్తామంటూ ఎవరైనా వచ్చినప్పుడల్లా నా చిప్స్ కొట్టులో బేరం పెరుగుతుంది. వాళ్ళు ఫోటోలు దిగి వెళ్ళిపోయాక మళ్ళీ మేమే మిగులుతాం. ఈసారి వచ్చింది పార్సిళ్ళ గోడౌన్. ఒకప్పుడు చేపల పడవలు ఆగిన రేవుని పూడ్చి, దాని మీదే కట్టారు. స్థలం కౌన్సిల్ చవగ్గా ఇచ్చింది. ఒక్కటే షరతు. సగం ఉద్యోగాలు ముందు ఇక్కడివాళ్ళకి ఇవ్వజూపాలి. ఇవ్వడానికీ ఇవ్వజూపడానికీ తేడా ఉందని అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

ఆ షరతు పెట్టించింది మా వీధివాడే, డెస్మండ్. వాళ్ళ నాన్నా మా నాన్నా ఒకే పడవ మీద వలలు లాగారు. ఇప్పుడు డెస్మండ్ కౌన్సిలర్. నా కొట్టులో నిలబడి వేడి వేడి బంగాళాదుంప పాటీ ఊదుకుని తింటూ, "ఇక మనవాళ్ళు ఎవడి ముందూ చెయ్యి చాచక్కర్లేదు" అని అందరి వీపులూ తట్టాడు. నమ్మాం. మనవాడే చెప్తుంటే నమ్మక చస్తామా.

అందరికంటే ఎక్కువ నమ్మింది గ్లెండా. చేపలు కోసి ముళ్ళు తీసే షెడ్డులో పాతికేళ్ళు చన్నీళ్ళలో చేతులు పెట్టి పనిచేసింది. అది మూతపడ్డాక నిరుద్యోగ భృతి మీద బతుకుతోంది. వచ్చిన ఉద్యోగం కాదంటే ఆ భృతీ ఆపేస్తారు. కొడుకు కీరన్ సముద్రంలో కరెంటు తీసే గాలిమరల దగ్గరికి మనుషుల్ని చేరవేసే పడవ మీద పని చేస్తాడు. వాడి సంపాదన వాడి పిల్లలకే చాలదు. గోడౌన్‌లో పని దొరికిన రోజు గ్లెండా నా కొట్టుకి పరుగెత్తుకొచ్చింది.

"మ్యూరియలక్కా, ఎన్నాళ్ళకి నాకు పొద్దున్నే లేవడానికి ఒక పనుందే" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

సోమవారం పనికి వెళ్ళింది. నా బాణలిలో నూనె కాగకముందే తిరిగొచ్చింది.

"ఏమైందే?"

"కంపెనీ కోటు ఇచ్చారక్కా."

"ఇస్తే?"

"ఆకుపచ్చది."

నాకు అర్థమైపోయింది. మా వీధిలో ఆకుపచ్చ బట్ట వేసుకోరు, తలుపులకి ఆ రంగు పుయ్యరు. సముద్రం మీద మనిషి ఉన్న ఇల్లయితే ఆ రంగు దారప్పోగు కూడా గడప దాటి లోపలికి రానివ్వరు. వస్తే ఆ మనిషి తిరిగి రాడని భయం. గ్లెండా వాళ్ళమ్మ ఒక ఏడు ముచ్చటపడి ఆకుపచ్చ కోటు కొనుక్కుంది. ఆ చలికాలమే వాళ్ళ నాన్న ఎక్కిన పడవ మునిగింది. ఆ పడవతో పోయిన మిగతావాళ్ళ పెళ్ళాలు ఆమెతో చచ్చేదాకా మాట్లాడలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, తలొంచుకుని రోడ్డు అవతలి పక్కన నడుస్తూ పెరిగిన పిల్ల గ్లెండా.

"వేరే రంగు అడగలేకపోయావా?"

"అడిగాను. ఆ గోడౌన్ మేనేజరు ఆల్డ్రిడ్జ్ మేడమ్ చాలా మర్యాదగా, 'ఈ రంగుతో మీకు ఇబ్బందేమిటండీ?' అంది. ఏం చెప్పమంటావ్? కీరన్ నీళ్ళ మీదున్నాడు. అలాంటి అశుభం నోటితో అంటానా? నచ్చలేదన్నాను."

"నచ్చలేదన్నావా?"

"అదే నోటికొచ్చింది."

ఆ మాటే కొంప ముంచింది. గ్లెండా వెనకే మా వీధి ఆడవాళ్ళు ఇంకొందరు కోట్లు తిరిగిచ్చేశారు. ఒకతె బిగుతన్నది, ఒకతె దురదన్నది. అసలు సంగతి ఒక్కతె కూడా అనలేదు. కంపెనీవాళ్ళు కౌన్సిల్‌కి ఉన్నదున్నట్టే చెప్పారు. ఇవ్వజూపాం, కోటు నచ్చలేదని వద్దన్నారు అని. షరతు తీరిపోయింది. పక్క ఊళ్ళనుంచి బస్సుల్లో మనుషులు దిగారు. పేపరువాడు మా సోమరితనం గురించి రాశాడు. గ్లెండా భృతి ఆగింది. అప్పట్నుంచి నా కొట్టు వెనక గదిలో బంగాళాదుంపలు చెక్కు తీసి, రాత్రికి కాసిని చిప్స్ పట్టుకెళ్తోంది. అంతకంటే ఇవ్వడానికి నా దగ్గర మాత్రం ఏముంది.

శుక్రవారం డెస్మండ్ పాటీల కోసం వచ్చాడు. మొహం గంటు పెట్టుకునే వచ్చాడు.

"కోటే కదా మ్యూరియల్. వేసుకుంటే అరిగిపోతారా? అందరి ముందూ నా పరువు తీశారు. అవన్నీ ఈ రోజుల్లో ఎవరు నమ్ముతున్నారు?"

నాకు ఒళ్ళు మండింది. గోడౌన్ తెరిచిన రోజు పేపరు బల్ల కిందనుంచి తీసి అతని ముందు పరిచాను. ఫోటోలో మేయరు, ఆల్డ్రిడ్జ్ మేడమ్, పెద్దలందరూ ఆకుపచ్చ కోట్లలో పళ్ళికిలిస్తున్నారు. డెస్మండ్ ఒక్కడే ఉత్త చొక్కాతో ఉన్నాడు. అతని కోటు కవరు కూడా విప్పకుండా పక్క కుర్చీ మీద పడుంది.

"మరి నువ్వెందుకు వేసుకోలేదు?"

"ఆ రోజు ఉక్కగా ఉంది."

ఫోటోలో మేయరు టోపీ మీద మంచుంది.

"ఉక్కా? మీ తమ్ముడు ఆ కీరన్ పడవకే సరంగు. అందుకని వేసుకోలేదు. వాళ్ళు రంగు ఎంచుకునేటప్పుడు నువ్వూ అక్కడే కూర్చున్నావుగా. ఒక్క ముక్క అనలేకపోయావా?"

డెస్మండ్ పాటీల పొట్లం కేసి చూస్తూ గొణిగాడు. "ఏమనమంటావ్? అంతమంది చదువుకున్నవాళ్ళలో కూర్చుని, మావాళ్ళకి ఆకుపచ్చంటే భయమండీ అనాలా? నవ్వరూ?"

తను నవ్వులపాలు కాకూడదని నోరు మూసుకున్నాడు. ఊరంతా నవ్వింది మమ్మల్ని చూసి.

వెనక గదిలోంచి గ్లెండా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అంతా విన్నట్టుంది.

"డెస్, అక్కడ ఇంకా ఖాళీ ఉందా?"

"అంత దూరంనుంచి రాలేక ఒకడు మానేశాడు. నేను చెప్తే నీకిస్తారు. కాకపోతే, కోటు..."

"వేసుకుంటాను."

"వద్దే గ్లెండా" అన్నాను.

"పొయ్యిలో పిల్లి లేవట్లేదక్కా. నువ్వు మాత్రం ఎన్నాళ్ళు పెడతావు? కీరన్‌కి చెప్పకండి, అంతే."

డెస్మండ్ మొహం విప్పారింది. కారు దగ్గరికి వెళ్ళి, డిక్కీలోంచి కవరు కొస పట్టుకుని కోటు తెచ్చి బల్ల మీద పడేశాడు. "నాదే. కొత్తది కొత్తగానే ఉంది" అన్నాడు.

కవరు విప్పి, దాని చీటీని చేపల కత్తెరతో నేనే కత్తిరించాను. చేతులు పొడుగైతే గ్లెండా మడుచుకుంది. అద్దం లేదు కాబట్టి నా వైపు తిరిగి ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను.

ఆమె తలుపు వైపు నడిచింది. డెస్మండ్ పాటీల పొట్లం గుండెలకి అదుముకుని, ఆ కోటు అంచు తనకి తగలకుండా గోడకి అతుక్కుపోయాడు. ఎంతైనా మా వీధివాడే.