కాలితో తోసిన ఆటో

బామ్మర్ది ఆటో మళ్లీ ఆగిపోయింది. బావ తన ఆటోని వెనక చేర్చి, ఎడమకాలు బయటికి చాచి, ముందు బండి బంపరుకి ఆనించి షెడ్డుదాకా తోసుకెళుతున్నాడు. ఆటోవాళ్లంతా చేసే పనే. నియమం ఒక్కటే: ముందున్నవాడు చెయ్యెత్తకుండా బ్రేకు తొక్కకూడదు.

దారి పొడవునా బావ నోరు ఊరుకోలేదు. సిగ్నల్ దగ్గర పక్క బండివాళ్లకి కూడా వినిపించాడు.

"మా మామ పిల్లనిస్తూ ఈ దున్నపోతుని కొసరేశాడండీ. పెళ్లయిన నాటినుంచీ తోస్తూనే ఉన్నా."

అందరూ నవ్వారు. అద్దంలో బామ్మర్ది కూడా నవ్వాడు.

"నవ్వరా, నవ్వు. సిగ్గుంటే దిగి తోసుకునేవాడివి."

సిగ్నల్ దాటి, జనసంచారం లేని పల్లం మొదలయ్యాక, హ్యాండిల్ మీంచి చెయ్యి తియ్యకుండానే బామ్మర్ది బ్రేకు అదిమి తొక్కాడు. రెండు బండ్ల మధ్య బావ కాలు ఎండుకట్టెలా విరిగింది.

బామ్మర్ది తాపీగా దిగి, ముందు తన ఆటో చక్రానికి రాయి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాతే బావ దగ్గరికొచ్చాడు.

"నేను చెయ్యెత్తాను బావా. నువ్వే మాటల్లో పడి చూసుకోలేదు. అక్కకీ అదే చెబుదాం, ఏం?"

చుట్టూ మనిషి లేడు. ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు వీడొక్కడే. బావ పళ్లు బిగబట్టి తలూపాడు.

"నోటితో చెప్పు బావా," అన్నాడు బామ్మర్ది.